ర్యాంకు మాట లేని విన్నపం

మా లెక్కల సారు పోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చెప్పింది. ఆరోజు పొద్దున్నే బద్వేలు బస్టాండు ఎదురుగా కట్టి ఉంది. మూలన తపాలా బిళ్ళంత సారు ఫోటో, మధ్యలో చేతులు జోడించిన మా స్కూలు కరస్పాండెంటు నిలువెత్తు ఫోటో. కింద ‘ర్యాంకుల రారాజుకు అశ్రునివాళి’ అని రాశారు. పోయింది ఎవరో అర్థం కావడానికి రెండోసారి చదవాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఏడుపు కంటే ముందు రోత పుట్టింది. అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటల్లో ఎక్కడైనా నా నోరు జారితే చదివేవాళ్ళు మన్నించాలి.

నేను ఆ స్కూల్లో తెలుగు చెబుతాను. సారు నన్ను ‘ఏమ్మా తెలుగు టీచరు’ అనే పిలిచేవారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు ఉండేవి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ జేబు తెల్లగానే ఉండేది. శనివారం చివరి పీరియడ్ ఆయనది. సిలబస్ లేదు, మార్కులు లేవు, ఆ గంటంతా లెక్కలతో ఆటలే. బెల్లు కొట్టాక పిల్లల్ని బయటికి తరమడానికి అటెండరు రావాల్సి వచ్చేది.

నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఒకరోజు స్టాఫ్ రూములో ఆ మాటే అన్నాను. సారు వాదనకు దిగలేదు.

“మూడంకెల సంఖ్య ఏదన్నా ఒకటి రాయమ్మా. పక్కనే మళ్ళా దాన్నే రాయి. ఇప్పుడు మొత్తాన్ని ఏడుతో భాగించు. వచ్చిందాన్ని పదకొండుతో, ఆ వచ్చిందాన్ని పదమూడుతో.”

విసుక్కుంటూనే చేశాను. శేషం ఎక్కడా మిగల్లేదు. ఆఖరికి నేను మొదట రాసుకున్న సంఖ్యే వచ్చి కూర్చుంది. ఇంకో సంఖ్యతో చేశాను. మళ్ళీ అంతే.

“ఎట్లొస్తాంది సార్ ఇది?”

“నేను చెప్తే ఇంగ నీకేం మిగుల్తాదమ్మా?” అని టీ తాగుతూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో కూర మాడిపోయింది. జవాబు మాత్రం నేనే పట్టుకున్నాను. పరీక్షలు పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఏటా బడి తెరిచే ముందు సారు తల్లిదండ్రులకు ఒక కరపత్రం రాసేవారు. పిల్లలను లెక్కలతో కాసేపు ఆడుకోనివ్వండని విన్నపం. దాని తెలుగు దిద్దడం నా పని. ఇలాంటి విన్నపాలు ఇప్పుడు పేపర్ల నిండా వస్తున్నాయి, చదవలేక చస్తున్నాం. పజిల్స్ చేస్తే బుర్ర పదునెక్కుతుందట, జ్ఞాపకశక్తి పెరుగుతుందట, పోటీ పరీక్షల్లో తిరుగుండదట. టానిక్ సీసాకు అంటించే కాగితాలు! సారు రాసినదాంట్లో అలాంటి ముక్క వెతికినా దొరకదు. ఒక లెక్క ఇచ్చి, ‘మీరూ మీ బిడ్డా కలిసి చేయండి, బాగుంటే ఇంకొకటి అడగండి’ అని ఆపేసేవారు. తెలివి పెరుగుతుందని ఒక వాక్యం వేద్దామా, జనం నమ్ముతారు అని ఓసారి అడిగాను.

“బిడ్డకు బువ్వ పెడతా, ఇది తింటే రక్తం పడతాదని ముద్దముద్దకూ చెప్తామా? రుచిగా ఉంటే వాడే తింటాడు” అన్నారు.

ఒక ఏడు ప్రెస్సు నుంచి కరపత్రాలు వచ్చాక చూస్తే, పైన పెద్దక్షరాల్లో ‘వినోద గణితంతో ఎంసెట్ ర్యాంకు ఖాయం’ అని ఉంది, కింద సారు పేరు. రాయించింది కరస్పాండెంటు. వేరుశనగ నూనె మిల్లు మీద సంపాదించి బడి పెట్టిన మనిషి. గింజనైనా పిల్లోడినైనా పిండితే ఏం వస్తుందనే చూస్తాడు. సారు ఆ కాగితం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

“నా పేరు తీసేయప్పా.”

“ఏంది సార్, మీరు చెప్పేదే జనానికి అర్థమయ్యేటట్టు రాయించినా. ఒట్టి ఆటలంటే పిల్లోళ్ళను ఎవురు చేరుస్తారు?”

“ర్యాంకని పిలిస్తే ర్యాంకు కోసమే వస్తారు. అది రానోడు ఇంగ జన్మలో లెక్క మొగం చూడడు. నేనట్లా పిలవలేను.”

“పేరు తీసేస్తే శనివారం పీరియడ్ యాడుంటాది సార్?” అని కరస్పాండెంటు నవ్వాడు.

ఆ ఒక్క గంట కోసమే సారు ఆ చాలీచాలని జీతానికి అక్కడ ఉన్నారని కరస్పాండెంటుకు బాగా తెలుసు. సారు పేరు తీయించారు. మరుసటి రోజు నుంచి బడికి రాలేదు. శనివారం గంటను ఫౌండేషన్ కోర్సు మింగేసింది.

దినాల రోజు సారు ఇంటికి వెళ్ళాను. కరస్పాండెంటు మైకు తెచ్చుకుని మరీ వచ్చాడు. అందరికీ కరపత్రాలు పంచుతున్నారు. చూస్తే అదే కరపత్రం, అదే ర్యాంకు మాట, కింద మళ్ళీ సారు పేరు. పోయినవాడు లేచొచ్చి తీసేయమనడని ఎంత ధీమా! ఛీ, మనిషి పుట్టుక పుట్టినవాడు చేసే పనేనా? “ఇది సారు రాసింది కాదు” అని నిలబడి గట్టిగానే అన్నాను. జనం నా వైపు ఒకసారి చూసి భోజనాలకు లేచారు. కొందరు తిన్నాక ఆ కరపత్రంతోనే చేతులు తుడుచుకున్నారు. సారు భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆయప్పతో నీకెందుకు తల్లీ? ఆయన ఉన్నప్పుడే వినలేదు, ఇప్పుడు వింటాడా? రా, రెండు ముద్దలు తిను.”

తినకుండానే బయటికి వచ్చేశాను. వాకిలి పక్కన నాపబండ మీద సారు ఎప్పుడో ఉలితో గీయించిన పులి-మేక ఆట గీతలు ఉన్నాయి. కరస్పాండెంటు కారు డ్రైవరూ, షామియానా వేయడానికి వచ్చినాయనా అక్కడ గులకరాళ్ళతో ఆడుతున్నారు. మిగిలిన కరపత్రాల కట్టను డ్రైవరు కింద వేసుకుని కూర్చున్నాడు.

కరస్పాండెంటు బయటికొచ్చి, “పోదాం రారా” అని కేక వేశాడు.

“ఉండు సార్, పులి యాడ తప్పించుకుంటాదో చూస్తాండా” అన్నాడు డ్రైవరు, తల ఎత్తకుండానే.

కరస్పాండెంటు ఇంకోసారి పిలిచాడు. తర్వాత ఎండలో కారు పక్కనే నిలబడిపోయాడు. డ్రైవరు రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తేలక, ఇంకా బండ మీదికే వంగి ఉన్నాడు.