ఎర్రగుడ్డ కింద హ్యాండిల్

మీ పిల్లలు ఎక్కే బస్సు ముందు వేలాడే నిమ్మకాయను మీరు రోజూ చూస్తారు. ఆ బస్సు బ్రేకులను ఆ పొద్దున ఎవరు చూశారని ఏనాడైనా అడిగారా?

అడిగి ఉండరు. నేనూ ఒక రోజు అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సంగారెడ్డిలో మా ఇంటి నుంచి వచ్చి ముత్తంగిలో బస్సు దిగింది జూన్ రెండో సోమవారం, ఉదయం ఐదు నలభైకి. తొంభైల మొదటి సంవత్సరాలు. సైన్యం వదిలి నాలుగు నెలలయింది. అక్కడ పద్నాలుగేళ్ళు మూడు టన్నుల బండి నడిపాను, చివరి రెండేళ్ళు మంచుకొండల్లో. ఇప్పుడు నా సామాను రెండు ఖాకీ చొక్కాలు, బూట్లు, టార్చి, నీళ్ళ సీసా. పని ఒక్కటే, ట్రాలీ బండి నడిపే పర్మిట్ సంపాదించడం. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ నాకు డ్రైవరు ఉద్యోగం ఇస్తానంది. నెలాఖరులోగా పర్మిట్ చూపాలి, లేకపోతే ఆ ఉద్యోగం వేరేవాడికి పోతుంది. నా చేతిలో ఉన్నవి పంతొమ్మిది రోజులు.

డ్రైవింగ్ స్కూలు యార్డు బొంబాయి రోడ్డు పక్కన రెండెకరాల నల్లరేగడి. వాన పడితే బూటు చీలమండ దాకా దిగబడేది. పన్నెండు తారు డ్రమ్ములు నిలబెట్టి దారి గుర్తించారు. పడమటి గాలి తిరిగితే ఫ్యాక్టరీల వాసన గొంతులో పడేది. యార్డులో ఉన్నది ఒకే బండి. ముందు ఇంజను భాగం, దాన్ని లారీవాళ్ళు ఘోడా అంటారు. వెనుక నలభై అడుగుల ట్రాలీ.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. ట్రాలీకి ముందు చక్రాలుండవు. దాని మూతి ఘోడా వీపు మీద ఆనుతుంది. ట్రాలీ అడుగున ఉన్న లావుపాటి పిన్నును ఘోడా మీది ఇనుప దవడ పట్టుకుంటుంది. దవడ గట్టిగా మూసుకుంటే పక్కనున్న హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోతుంది. అరకొరగా మూసుకుంటే హ్యాండిల్ నాలుగు వేళ్ళంత బయట ఉండిపోతుంది. బండి భద్రమా కాదా అని చెప్పేది ఆ నాలుగు వేళ్ళే.

ఆ హ్యాండిల్‌ను మొదటి రోజు చూద్దామని పోతే దాని చుట్టూ ఎర్రగుడ్డ ఉంది. పసుపు, కుంకుమ, లోపల ఒక నిమ్మకాయ, పైన మూడు ముళ్ళు.

స్కూలు నడిపే ఆయనను అందరూ మాస్టర్ అనేవారు. పటాన్‌చెరు మనిషి, ఇరవయ్యేళ్ళు లారీ నడిపినవాడు. ఆ గుడ్డ సంగతి ఆయనే చెప్పాడు. ట్రాలీ తగిలించిన ప్రతిసారీ కొత్త గుడ్డ కడతారు. మళ్ళీ విడదీసే దాకా దాన్ని ఎవరూ ముట్టరు. ముడితే బండికి దోషం.

సైన్యంలో మాకు ఫస్ట్ పరేడ్ ఉండేది. ఇంజను తిప్పకముందు బండిని చక్రం చక్రం చేత్తో ముట్టి చూడాలి. నిన్న చూశాను అంటే శిక్ష పడేది. అలాంటి నాకు, ముట్టకూడని హ్యాండిల్ అనగానే అనుమానం మొదలైంది. అది గుడ్డతో ఆగలేదు. మాస్టర్ యార్డు పక్కనున్న టైర్ల షాపువాడితో ఎందుకు గుసగుసలాడుతున్నాడు? బ్రేకు ఆయిల్ డబ్బా ఎప్పుడూ పావు వంతే ఎందుకుంది? నాతోపాటు నేర్చుకునే అంజయ్య నా పరీక్ష తేదీ రెండుసార్లు ఎందుకడిగాడు?

అంజయ్యది పాశమైలారమే. తాతల నాటి ఊరు. ఒక కెమికల్ ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పని. డ్రైవరు అయితే ఆ డ్రమ్ముల వాసన వదులుతుందని అతని ఆశ. అతను మాస్టర్‌కు నా మీద చాడీలు మోస్తున్నాడని నేను పూర్తిగా నమ్మాను.

శిక్షణ రోజూ ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, ఆ తర్వాత సాయంత్రం దాకా యార్డులో బండి పనులు. ముందుకు నడపడం నాకు లెక్కలోది కాదు. వెనక్కి నడపడం దగ్గర నా పద్నాలుగేళ్ళూ ఎందుకూ పనికిరాలేదు. మూడు రోజుల్లో ఏడు డ్రమ్ములు పడగొట్టాను.

"ఫౌజీ సాబ్, ట్రాలీ మీ ఆర్డర్ ఇనది" అన్నాడు మాస్టర్. "గది కుడికి పోవాల్నంటె మీరు ఎడమకు తిప్పాలె. జెర తిప్పి ఆగాలె."

పనిలో ఆయన మంచి గురువు. ఐదో రోజుకు ట్రాలీ డ్రమ్ముల మధ్య నిలబడింది.

ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మాస్టర్ భోజనానికి పోయాడు. నేను గుడ్డ విప్పాను. అంజయ్య దూరం నుంచే చూశాడు.

"ఫౌజన్నా, వదిన గట్టిచ్చిన సద్ది గూడ ఇప్పి వాసన సూసే తింటవా ఏంది?"

హ్యాండిల్ పూర్తిగా లోపలికి ఉంది. గొళ్ళెం పడి ఉంది. కొత్త గ్రీజు. ఎక్కడా లోపం లేదు. నిమ్మకాయ చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే మాస్టర్ వచ్చాడు. ఆయన గొంతు పెంచలేదు.

"ఏం దొరికింది సాబ్?"

ఏమీ లేదన్నాను.

"పిన్ను జూసినంకనే గుడ్డ గడ్త నేను. మా తాత ఎడ్లబండి ఇరుసుకు గట్లనే జూసి గట్టెటోడు. గుడ్డ ఉన్నదంటె జూసినట్టు. ఇంకోపారి ఇప్పినవంటె పరీక్ష లిస్టుల నీ పేరుండది."

ఆ సాయంత్రం టీ బండి దగ్గర నలుగురూ నవ్వారు. బండికి దోషం తగిలిందని కొత్త గుడ్డ, కొత్త నిమ్మకాయ తెచ్చారు. సిగ్గుతో టీ సగంలో వదిలేసి లేచాను. ఆ రోజు నుంచి నేను మాస్టర్‌ను అనుమానించాను, అంజయ్యను అనుమానించాను, టైర్ల షాపువాణ్ణీ అనుమానించాను. గుడ్డను మాత్రం అనుమానించడం మానేశాను. ఒకసారి విప్పి చూశాను కదా, సరిగానే ఉంది కదా అనుకున్నాను. నన్ను నేను హేతువాదినని చెప్పుకునే రోజులవి.

పరీక్ష పదహారో రోజు, సంగారెడ్డి దారిలో ఒక ఖాళీ మైదానంలో. ముందు రోజు సాయంత్రం మాస్టర్ ట్రాలీని పైపుల లోడుకు కిరాయికి పంపాడు. కిరాయి డ్రైవరు దాన్ని తన ఘోడాతో తెల్లవారుజామున తెచ్చి మా ఘోడాకు తగిలించి వెళ్ళిపోయాడు. నేను ఆరింటికి చేరేసరికి రాత్రి వాన వెలిసింది. హ్యాండిల్ మీద కొత్త ఎర్రగుడ్డ, మూడు ముళ్ళూ బిగువుగా ఉన్నాయి. ముందు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

ఆరు నలభైకి నా చెయ్యి ముడి మీదకు పోయింది.

"అన్నా, ఇయ్యాల వద్దే" అన్నాడు అంజయ్య. "మొన్న జూసినవ్ గద. మాస్టర్ జూస్తె ఇద్దరి పేర్లు గొడ్తడు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దీన్ని ఎవరి మీదకూ నెట్టను. నాకు పర్మిట్ కావాలి. మూడు రోజులే మిగిలాయి.

నెమ్మదిగా నడిపి మైదానం చేరాం. వానకు మెత్తబడిన దారిలో కుదుపులు లేవు. వెనక్కి నడిపే పరీక్ష ఒక్క డ్రమ్ము తగలకుండా పూర్తిచేశాను. తర్వాత బండిని ఆపి, ఘోడా లేనప్పుడు ట్రాలీని నిలబెట్టే ముందు ఇనుప కాళ్ళు దించి, మళ్ళీ ఎత్తి, కదిలించి చూపాలి. అంజయ్య పక్కన నిలబడి కాళ్ళు ఎత్తే చక్రం తిప్పాడు. జానెడు లేచాయి.

"చలో" అన్నాడు పరీక్ష చూస్తున్న రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్.

క్లచ్ వదిలాను. ఘోడా తేలిగ్గా కదిలింది. ఆ తేలికతోనే నాకు అర్థమైంది, కానీ అప్పటికి ఆలస్యమైంది. ట్రాలీ బ్రేకులకు పోయే గాలి గొట్టాలు తెగి బుస్సుమన్నాయి. ట్రాలీ మూతి జారి నేల మీద పడింది. దాని కాలి కిందనే అంజయ్య కుడి పాదం ఉంది.

అరుపు కూడా పెద్దగా రాలేదు. "అన్నా, ఎత్తుండ్రి" అన్నాడు, అంతే. జాకీలు పెట్టి ఎత్తడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

తర్వాత నేను ఒక్కొక్కరినీ అడిగాను. తగిలించినంక మాస్టర్ ఎట్లాగూ చూస్తాడనుకుని గుడ్డ కట్టానన్నాడు కిరాయి డ్రైవరు. గుడ్డ ఉంది కాబట్టి కిరాయి డ్రైవరు చూశాడనుకున్నానన్నాడు మాస్టర్. నేను గుడ్డను చూశాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ హ్యాండిల్ చూడలేదు. తాత చూసి కట్టాడు, మనవడు కట్టడమే నేర్పాడు. దీన్నే మనం ఆచారం అని పిలిచి, ప్రశ్నించినవాణ్ణి దోషం తగిలించేవాడంటాం.

రెండు రోజుల తర్వాత నా పర్మిట్ వచ్చింది. పాస్. ట్రాలీ మూతి మట్టిలో పడుకున్న పరీక్షలో నేను పాసయ్యాను. కాగితం మీద సంతకం తేదీ పరీక్షకు ముందు రోజుది. అదీ ఒక ఎర్రగుడ్డే. ఆ కాగితం తీసుకుపోయి కంపెనీలో చూపి ఉద్యోగంలో చేరాను. ఇది దాచుకోవడానికి నాకు హక్కు లేదు.

చేరేముందు ఆసుపత్రికి వెళ్ళాను. అంజయ్య పాదం సగమే మిగిలింది. బ్రేకు తొక్కడానికి ఆ కాలు ఇక పనికిరాదు. రెండుసార్లు నా పరీక్ష తేదీ ఎందుకడిగావని అడిగాను. ఇద్దరిదీ ఒకే రోజు వస్తే ధైర్యంగా ఉంటుందని అడిగాడట.

"నేనే గదన్నా ఇప్పొద్దన్న" అన్నాడు. "నీదేం తప్పున్నది."

ఆ మాట నా తప్పును తగ్గించలేదు.

నాలుగు పది బస్సుకు సంగారెడ్డి తిరిగి వచ్చాను. బస్సు అద్దం ముందు మిరపకాయలు, నిమ్మకాయ ఊగుతున్నాయి. డ్రైవరును బ్రేకుల సంగతి అడిగాను. దిగిపొమ్మన్నాడు. దిగలేదు.

ఆనాటిది ఒక్కటి నన్ను వదలదు. ట్రాలీ నుంచి విడిపోయి ముందుకు పోయి ఆగిన ఘోడా. దాని పక్కన నాలుగు వేళ్ళంత బయటికి ఉన్న హ్యాండిల్. దాని మీద ఎర్రగుడ్డ. మూడు ముళ్ళలో ఒక్కటీ ఊడలేదు. లోపలి నిమ్మకాయ నలగలేదు.

రేపు ఉదయం మీ పిల్లల బస్సు వీధి మొగకు వస్తుంది. పిల్లలను ఎక్కించకముందు డ్రైవరును దింపండి. బ్రేకు తొక్కించి చూడండి, చక్రాల బోల్టులు చేత్తో ముట్టి చూడండి. వాటి మీద ఏ గుడ్డ కట్టి ఉన్నా విప్పండి. నిన్న విప్పితే అంతా సరిగా ఉందా? నలుగురూ నవ్వారా? అయినా సరే, రేపు మళ్ళీ విప్పండి.