సూది ఆపిన రోజు

న్యుమోనియా రోగికి ఏ మందు మొదలుపెట్టాలో తేల్చుకోవడం కష్టమే గానీ, మా అనంతపురం ఆసుపత్రిలో అంతకన్నా కష్టం మందు తగ్గించడం. పెద్ద మందు రాసిన డాక్టరును ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. చిన్న మందు రాస్తే చాలు, వార్డంతా అనుమానంగా చూస్తుంది. నాకు ఒళ్లు మండే విషయం ఇది.

ఒక ఏడాది శింగనమల వైపు నుంచి ఒక వేరుశనగ రైతును కూతురు తీసుకొచ్చింది. జ్వరం, దగ్గు, ఆయాసం. వానకు మొహం వాచిన ఊళ్లో వాన పడేసరికి ముసలాయన సంబరంగా పొలంలోనే తడుస్తూ నిలబడ్డాడట. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కిందిభాగం తెల్లగా కనబడింది. అయినా మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడు, బీపీ బాగుంది, కొద్దిపాటి ఆక్సిజన్‌తో సరిపోతోంది. ఇలాంటి వాళ్లకు ఎప్పటినుంచో వాడే మామూలు యాంటీబయాటిక్ సూదులే చాలు. అవే రాశాను.

కూతురు ఊరుకోలేదు. తల్లి పోయాక పుట్టింటి దిక్కంటూ ఆమెకు మిగిలింది ఆ నాయనే.

"ఏం మేడం, ఇంత చిన్న సూది వేస్తాండారు? పెద్దది రాయండి. మా నాయన నాకు దక్కల్ల."

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకమ్మా? పెద్ద మందును అవసరం లేకుండా వాడితే, అవసరమైన రోజు అది పనిచేయదు," అన్నాను.

"పిచ్చుక కాదు మేడం, మా నాయన," అంది. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాను.

చిన్న మందే పని చేసింది. జ్వరం దిగింది, ఆక్సిజన్ తీసేశాం, ఆకలి పుట్టింది. ఒక ఉదయం రౌండ్‌లో ఆయన చేతికున్న సూది తీయించి, "ఇక మాత్రలు చాలు, రేపు ఇంటికి తీసుకుపో," అని కూతురికి చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయాను. నా లెక్కలో అది శుభవార్త.

సాయంత్రం వచ్చి చూస్తే ఆ మంచం చుట్టూ జనం. సెలైన్ సీసా దించి, సూది పీకి, ఇంటికి తీసుకుపొమ్మంటే ఇక్కడి ఊళ్లలో ఒకటే అర్థం: డాక్టరు చేతులెత్తేసిందని. కూతురు అందరికీ ఫోన్లు చేసేసింది. కడసారి చూపుకని చుట్టాలు దొరికిన బస్సు పట్టుకుని వచ్చేశారు. పోయేవాడికి కోరిక మిగలకూడదని సంగటి, కోడికూర, ఓళిగలు తెచ్చారు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, మధ్యలో ముసలాయన కూర్చుని తింటున్నాడు.

"మధ్యాహ్నం మాత్ర వేశావా?" అని కూతురిని అడిగాను.

ఆమె కొంగుముడి విప్పి మాత్ర చూపించింది. "పోయే ప్రాణానికి చేదు మాత్ర ఎందుకని ఇయ్యలేదు మేడం."

"ఎవరు పోతున్నారు?" అని అరిచాను. "నయమవుతోంది కాబట్టే సూది ఆపాను. లోపల ఇంకా కాస్త జబ్బు ఉంది. మాత్రలు మానేస్తే తిరగబెడుతుంది. చావబోయే మనిషి కోడి ఎముక అలా కొరుకుతాడా?" కోపం ఎంత వచ్చిందో, ఆయన ఆకలి చూసి సంతోషమూ అంతే వేసింది.

ఏడుపులు ఆగిపోయాయి. "అంటే, నాయన నాకు దక్కినట్లేనా?" అంది కూతురు.

"మాత్ర వేస్తే."

అంతవరకూ గుండెలు బాదుకుంటున్న ముసలాయన అక్క లేచి, తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. "బస్సులో పొడుగునా ఏడ్చుకుంటా వస్తిని కదరా!"

"కొట్టొద్దుక్కా. చచ్చినాక ఎవురు ఏడుస్తారో ఎవునికీ తెలీదు. నాకు తెలిసిపాయె," అన్నాడాయన. చేయి కడుక్కుని కూతురి వైపు చాపాడు. "ఆ మాత్ర ఇట్ల తేమ్మా. ఈళ్లంతా మళ్లా ఇంత దూరం యాడ వస్తారు."