ఇసుకలో పంపరపనస

పిల్లలిద్దరూ పడుకున్నారు. పెద్దదాని ఊపిరి వినిపిస్తోంది. చిన్నదానిది వినిపించడం లేదు గనక ఇప్పటికే రెండుసార్లు లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఇక కుదురుగా కూర్చుని రాస్తాను.

మా పుట్టిల్లు కొత్తపేట పక్కన. అక్కడి నేల నల్లటి ఒండ్రు. తిని పారేసిన గింజ వారం తిరక్కుండా మొలుస్తుంది. అత్తవారిల్లు మలికిపురం దాటి ఇంకా సముద్రం వైపు. అక్కడ నేలంటే ఇసుకే. జీడిమామిడి, సరుగుడు, తాడి, కాస్త కొబ్బరి. పెళ్ళయి వచ్చిన కొత్తలో పక్క దులుపుకోవడంతోనే నాకు తెల్లారేది.

పెద్దమ్మాయికి ఐదో నెల వచ్చాక పుట్టింటి నుంచి తిరిగి వస్తూ, మా నాన్నగారి పెరట్లోంచి ఒక పంపరపనస అంటు తెచ్చుకున్నాను. జానెడున్నర మొక్క. చంకలో పాప, చేతిలో మొక్క. రెండూ ఒకే రోజున నల్లమట్టి వదిలి ఇసుకలోకి వచ్చాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మొక్క బతికితేనే పాప నిలుస్తుందని, ఎవరూ అనకుండానే, నాలో నేనే ఒక ముడి వేసేసుకున్నాను. బోటనీతో బి.యస్సీ. పాసయిన మనిషిని! సిగ్గుపడి ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

పాప బక్కగా ఉండేది. శనివారం శనివారం దాన్ని మలికిపురం తీసుకెళ్ళి, మాకు తెలిసిన ఎండుకొబ్బరి కొట్లో త్రాసు పళ్ళెంలో కూర్చోబెట్టేదాన్ని. కొట్టు గుమాస్తాగారు అవతలి పళ్ళెంలో తూకం గుళ్ళు వేసి, చివర్న ముల్లు సరిచెయ్యడానికి కొబ్బరి చిప్పలు వేసేవారు.

"ఈ వారం రెండు చిప్పలెక్కువ తూగేరండీ పాపగారు."

"ఒకసారి మళ్ళీ చూడండి. కాలు బయటికుంది."

"ఆయ్. కాలు లోపలెట్టి తూచినా రెండేనండి. మీరు కాస్త చెయ్యి తియ్యండి, మీ చెయ్యి కూడా తూగిపోతోంది."

పాప సంగతి అలా ఉంటే, మొక్క అసలు కదల్లేదు. వచ్చినప్పుడు తొమ్మిది ఆకులు. మూడు నెలల తర్వాతా తొమ్మిదే. పదో ఆకు కోసం నేను పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూసేదాన్ని, మధ్యాహ్నం గంజి వారుస్తూ చూసేదాన్ని.

లోపం నేలదే కదా అనుకుని, ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒక గోనెసంచి నిండా కాలవ ఒండ్రు తెచ్చాను. ఏరు దాటి, పడవలోంచి రాజోలు బస్సులోకి ఎక్కిస్తుంటే కండక్టరు సంచి తడిమి చూశాడు.

"ఇదేంటండీ, బెల్లమా?"

"కాదండీ, మట్టి."

"మట్టా? రాజోల్లో మట్టి అయిపోయిందాండీ?" అన్నాడు. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ సంచి మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ మట్టి పోసిన పది రోజులకి తొలకరి పడింది. మూడు రోజులు కుండపోత. తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే నా నల్లమట్టి లేదు. ఇసుకలోకి దిగిపోయింది. వేళ్ళైనా కుళ్ళకుండా ఉన్నాయో లేదోనని పుల్లతో మెల్లగా గీకాను. తెల్లటి సన్న వేళ్ళు నాలుగైదు కిందికి పోకుండా, పక్కకి తిరిగి, పైపైన పాకుతూ దడి వైపు వెళ్తున్నాయి. అక్కడ, చీపురు అందని చోట, ఇరుక్కుపోయిన జీడిమామిడి ఆకులు నానుతున్నాయి. వేళ్ళు వాటిని పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీ రెండో ఏట మా లెక్చరర్ గారు ఇసుక నేలల్లో పెరిగే వర్షారణ్యాల గురించి ఒక పూటంతా చెప్పారు. అమెజాన్ వైపు, బోర్నియో వైపు ఉన్నాయట. పంచదారలాంటి తెల్లటి ఇసుక. వానలు ఆ ఇసుకలోని సారమంతా కడిగేస్తాయి. అయినా అడవి ఉంటుంది, ఎందుకంటే అది నేల మీద కాక రాలిన ఆకు మీద బతుకుతుంది. వేళ్ళు పైకే వచ్చి, కుళ్ళే ఆకుల మధ్య చాపలా అల్లుకుంటాయి. వాన ఎత్తుకుపోయేలోపే ఆకులోని సారం మళ్ళీ చెట్టెక్కేస్తుంది. కొన్ని మొక్కలు చీమలకి తమలోనే గదులిచ్చి, అవి లోపల పారేసే చెత్తతో కడుపు నింపుకుంటాయి. కొన్ని పురుగుల్నే పట్టి తింటాయి. ఒక ఆకు పోతే ఇంకోటి వేసుకునే స్తోమత లేక చెట్లు ఆకుల్ని తోలులా మందంగా, చేదుగా చేసుకుని ఏళ్ళ తరబడి దాచుకుంటాయి. ఆ ఆకు తినలేక జంతువులు కూడా తక్కువే. ఆ చేదంతా దిగి అక్కడి నదులు టీ డికాక్షన్ రంగులో పారతాయి. చెట్లు పొట్టిగా, సన్నగా ఉంటాయి. "జబ్బు చేసి కాదమ్మా, వాటి తీరే అంత" అన్నారాయన. నేను అదంతా పరీక్షలో రాసేసి మర్చిపోయాను.

మా ఇంట్లో రాలిన ఆకు నేల మీద గంటసేపు ఉండదు. అత్తయ్యగారు తెల్లవారకుండానే జీడిమామిడి ఆకు, సరుగుడు పుల్ల అంతా ఊడ్చి పొయ్యి దగ్గర చేరుస్తారు.

"అత్తయ్యగారూ, ఆ ఆకులు నా మొక్కకి కావాలండీ."

"మరి అన్నం దేంతో వండుతావమ్మాయ్, మొక్కతోనా?" అన్నారు గానీ రోజుకో గంపెడు వదిలారు. నేను మొక్క చుట్టూ మోకాలెత్తున పోశాను. అడవి తయారైపోయిందని సంబరపడ్డాను.

నాలుగో రోజు మా ఆయన కాలితో కదిపితే ఆకుల్లోంచి తేలు వచ్చింది. పాప అప్పటికి పాకుతోంది, రెండు బారల దూరంలో ఉంది. దాన్ని లాక్కుని చంకనెత్తుకుని, రెండో చేత్తో ఆకులన్నీ దడి అవతలికి విసిరేశాను. విసిరాక అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఆకులుంటే పాపకి గండం. లేకపోతే మొక్క పోతుంది. మొక్క పోతే పాప...

అది ఆదివారం. అత్తయ్యగారు చర్చి నుంచి వచ్చి తెల్లచీరైనా మార్చుకోలేదు.

"తేలు పోయింది కదా, ఇంకెందుకేడుస్తావు?"

ముడి సంగతి చెప్పేశాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డుపెట్టుకున్నారు. "బి.యస్సీ.లో ఇదా చెప్పేరు మీకు? లే, ఇలా రా."

తన కొబ్బరిచెట్టు మొదట్లో చేత్తో ఇసుక తవ్వారు. నాలుగు వేళ్ళ లోతున బోర్లించిన కొబ్బరి పీచు డొక్కలు, వాటి మీద పొయ్యి బూడిద, నల్లగా నానిన ఆకులు. వాటి నిండా వేళ్ళు. పొయ్యిలోకి పోయిన ఆకు బూడిదై రోజూ ఇక్కడికే వస్తోందన్నమాట. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఉండి నేను చూడలేదు.

"పైన పోస్తే తేళ్ళొస్తాయి. కింద పెట్టి ఇసుక కప్పాలి."

"మరి నా మొక్కకెందుకు పెట్టలేదండీ?"

"నీ పుట్టింటి మొక్క. నేను చెయ్యేస్తే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను."

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని డొక్కలు పాతిపెట్టాం. రెండు నెలలకి పదో ఆకు వచ్చింది, వెనకే ఇంకో మూడు. ఆ శనివారం గాల్లో తేలుతూ మలికిపురం వెళ్ళాను.

"ఈసారి ఒక చిప్ప తగ్గేరండీ" అన్నారు గుమాస్తాగారు. పాపకి ముందురోజు దాకా జలుబు.

మొక్క పెరిగింది, పాప తగ్గింది. తిరుగు బస్సులో దాని సన్నటి కాళ్ళు చూస్తూ కూర్చున్నాను. జలుబు తగ్గిన నీరసంలోనూ ఆ కాళ్ళతో నా పొట్ట మీద తన్నుతూనే ఉంది. మొక్కకి దీని ఊసే లేదు, దీనికి మొక్క ఊసు లేదు. జబ్బు చేసి కాదు, దీని తీరే అంత. లెక్చరర్ గారి మాట పరీక్షకో మొక్కకో కాక నాకోసం గుర్తొచ్చింది అదే మొదటిసారి. దిగాక అత్తయ్యగారికి చెప్తే, "ఊడిందా ముడి?" అన్నారు.

ఇప్పుడు పెద్దదానికి నాలుగేళ్ళు. పంపరపనస దానికంటే బెత్తెడు ఎత్తు. కాయ ఇంకా లేదు. మొన్న ఒక ఆకు కొరికి, "థూ, చేదు" అని ఉమ్మేసింది. మందమైన, ముదురు ఆకు. బాగుందనిపించింది నాకు.

చిన్నదాన్ని తీసుకుని వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి ఏ మొక్కా తేలేదు. వచ్చేసరికి వాకిట్లో కొబ్బరి డొక్కలో ఒక జీడిమామిడి మొలక ఉంది. అత్తయ్యగారు గింజ నాటి మొలిపించారు.

"ఇది ఇక్కడ పుట్టిందే. దీనికేం బెంగుండదు. నువ్వు మాత్రం ఆకులు లెక్కెట్టకు" అన్నారు.

లెక్కపెట్టనని మాటిచ్చాను. నిన్నటికి ఆరు.