ఆఖరుదాకా చదవని వార్త

“చదువుకున్నాయన చదివి చెప్పిండు. నీకేమెరుక?” అన్నాడు నా పెనిమిటి.

“గా చదివినాయిననే అడుగు, ఆఖరుదాక చదివిండా అని” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ పొద్దున ఆయన ఎడ్ల కోసం ఆత్మకూరు అంగడికి పోయాడు. అక్కడ గత్తర, అదే కలరా, తగిలింది. రెండు రోజుల్లో పోయాడు. మొగుడు పోతే దుఃఖం ఎవరికైనా ఉంటుంది. నాకు కోపం కూడా మిగిలింది. పేపరు గురించి కొట్లాడుకుని విడిపోయిన ఆలుమగలం ఈ చుట్టుపక్కల మేమే కాబోలు.

మా బిడ్డకు అప్పుడు ఎనిమిదేళ్లు. లెక్క నోటితో చెప్పేది. విన్న కథ ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పేది. పలక చేతికిస్తే మాత్రం అక్షరాలు తిరగబడేవి. నిన్న చదివిన మాట ఇవాళ దానికి కొత్తది. రాసేది ఎడమ చేతితో. బడిలో ఉర్దూ కుడినుంచి, తెలుగు ఎడమనుంచి రాయిస్తాం కాబట్టి తికమక పడుతోందని పంతులు అన్నాడు. కావచ్చు. కానీ ఉర్దూ మొదలుపెట్టక ముందు కూడా దానికి అంతే.

మా ఊరికి పేపరు వారానికొకసారి వచ్చేది. గ్రంథాలయం అరుగు మీద ఒకాయన చదివితే ఊరంతా వినేది. నాకు తమ్ముని వరస. పెద్దక్షరాలు చదివి, కింది సంగతి తన మాటల్లో చెప్పేవాడు, అందరికీ తొందరగా అర్థం కావాలని. ఏది పేపరుదో ఏది ఆయనదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ నోట వచ్చిందంటే పేపర్లో ఉన్నట్టే.

అక్షరాలు తిరగేసి చదివే పిల్లలకు మెదడులోనే లోపం ఉందని డాక్టర్లు తేల్చారని, మా ఆయన అంగడికి పోయే ముందు వారం చదివాడు. అటువంటి పిల్లలకు చదువు దండగ, ఎడమ చేయి కట్టేస్తే కొంత కుదురుతుందని కూడా చెప్పాడు. నేను కూడబలుక్కుని నాలుగు మాటలు చదవగలను, అంతే. కానీ కళ్లున్నాయి. మొదటి సంగతి చెప్పేటప్పుడు ఆయన వేలు కాగితం మీద ఉంది. రెండోది చెప్పేటప్పుడు కాగితం ఒళ్లో ఉంది, చూపు మా ఆయన మీద ఉంది.

ఇంటికొచ్చి అదే చెప్పాను. మా ఆయన వినలేదు. పేపర్లో పడ్డది అబద్ధమవుతుందా అన్నాడు. పాత ధోతి చింపి బిడ్డ ఎడమ చేతిని నడుముకు కట్టాడు. బడి మాన్పించాడు. చెడ్డవాడు కాదు, బిడ్డ బాగుపడాలనే కట్టాడు. నాకు మంట అందుకే.

ఆయన పోయాక ఆ ముడి ఇంకా గట్టిపడింది. తండ్రి ఆఖరి మాట అని మా అత్త విప్పనివ్వలేదు. బిడ్డ కుడి చేత్తో అన్నం మెతుకులు కింద పోసుకుంటూ తినేది.

మూడో నెలలో అత్తను వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి పోయాను. ముండమోసింది అప్పుడే బజారుకెక్కిందని అనేవాళ్లు అన్నారు. పాత పేపర్ల కట్ట దింపమన్నాను.

“గా దినం చదివినవే, అదే చదువు తమ్మీ. నీ మాట ఒక్కటి కలపకు. కిందిదాక చదువు.”

చదివాడు. పైన పెద్దక్షరాల్లో డాక్టర్లు. కింద చూస్తే ఒకే ఒక్క డాక్టరు, అదీ ఎక్కడో సముద్రాల అవతలి సీమలో. ఆయన రాసింది ఒక పేపరు వేసుకుంటే, దాన్ని చూసి ఇంకో పేపరు వేసుకుంది. ఆయన చూసింది తన దగ్గరికి వచ్చిన కొద్దిమంది పిల్లలనే. వాళ్లలో కొందరిది ఎడమచేతి వాటం అన్నాడు. చదువు దండగనీ, చేయి కట్టమనీ ఎక్కడా లేదు. ఎందుకట్లా అవుతుందో ఇంకా తేలలేదనీ, ఈ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారనీ ఆఖరి రెండు వరుసల్లో ఉంది. ఆ రెండు వరుసలూ ఆ రోజు ఎవరూ వినలేదు.

చదివినాయన తల వంచుకున్నాడు. “కట్టుమన్నది నేనే అక్కా. మా చిన్నాయిన బిడ్డకు గట్లనే చేసిండ్రు. మంచికే చెప్పిన.”

“మంచికే చెప్పినవ్. మరి ‘ఇది నా మాట’ అని ఎందుకు చెప్పకపోతివి? నీ మాటని తెలిస్తే ఆయన జర ఆలోచించేటోడు.”

అత్త ఇంటికి వచ్చి తనే ముడి విప్పింది. మణికట్టు చుట్టూ చర్మం ఒరుసుకుపోయి నల్లబడింది.

ఆఖరి వరుసల్లోని మంచి మాటనూ నేను పూర్తిగా నమ్మలేదు. నాకు నచ్చిందని నమ్మితే నాకూ మా ఆయనకూ తేడా ఏముంది? ఆ డాక్టరు నా బిడ్డను చూడలేదు. నేను చూశాను. అందుకే మళ్లీ బడికి పంపాను. ఇప్పటికీ మెల్లగానే చదువుతుంది, తప్పులూ చేస్తుంది. అందరు పిల్లలూ ఇట్లానే నేర్చుకుంటారని నేను చెప్పను. నాకు తెలిసింది ఒక్క పిల్ల సంగతి.

నేను చెబుతుంటే రాస్తున్నది నా సొంత తమ్ముని భార్య. దీన్ని కూడా రేపు ఎవరో ఒకరు పదిమందికి చదివి వినిపిస్తారు. మరదలా, కలం జర పక్కన పెట్టు. నేను కావచ్చు అన్నకాడ ఖాయమని రాసినవా? మంచిగుంటదని నీ మాట ఏమన్న కలిపినవా? మొదటికెళ్లి చదువు, వింట.