మాస్టారి చూపుడువేలు

జనంతో మాట్లాడటం నేర్పమని మా ఉరవకొండ కరెంటు ఆఫీసుకు పిలిపించిన నాటకాల మాస్టారు, మా నోట ‘లేదు’ వినగానే చూపుడువేలు లేపేవారు.

“ముందు ఎదుటోని మాట ఒప్పుకోండప్పా. ఆమీద మీ మాట కలపండి.”

మూడోరోజు రైతులు వచ్చి మమ్మల్ని, మాస్టారితో సహా, ఆఫీసులో పెట్టి తాళం వేశారు.

“ట్రాన్స్‌ఫార్మర్ కాలి వారమాయ. చీనీచెట్లు ఎండిపోతాండాయి!” కిటికీ ఊచలు పట్టుకుని ఒక బత్తాయి రైతు అరిచాడు.

‘స్టాకు లేదు’ అనబోయాను. వేలు లేచింది.

“అవునన్నా, వారమాయ. చెట్లు ఎండిపోతాండాయి. నీ బండిమీదే స్టోరుకు పోదాం పా. కొత్తది ఇచ్చేదాకా ఇద్దరమూ ఆడే కూచుందాం” అన్నాను.

ఆ రైతు తాళం తీశాడు.

మాస్టారి చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. “భయపడినారా సార్?” అన్నాను.

“లేదు” అనేసి, తన ముక్కు ముందు తానే వేలు లేపుకున్నారు.