మేష్టారు ఎత్తిపట్టుకున్న డబ్బా

మా చిన్నతనంలో ఆదివారం వస్తే చాలు, మా ఇంటి ముందు ముగ్గురు పెద్దమనుషులు కారు కింద దూరి ఉండేవారు... కాళ్లు మాత్రమే బయటికి కనిపించేవి.

ఒకరు మా నాయన. నెల్లూరు జిల్లా మనుబోలుకు తూర్పున మా పల్లె, సేద్యం మా పని. ఎవరో వాడి వదిలేసిన పాతకాలపు కారును నాయన ఇష్టపడి తెచ్చుకున్నాడు. రెండో ఆయన బడిలో పాఠాలు చెప్పే పెంచలయ్య మేష్టారు. మూడో ఆయన కాంపౌండరు మస్తానయ్య. ముగ్గురిలో ఎవరూ మెకానిక్కు పని నేర్చినవారు కారు. విప్పి చూడటం, మళ్లీ బిగించడం... బావి గిలక విరిగినా, గోడ గడియారం ఆగినా ఊళ్లో వీళ్లనే పిలిచేవారు.

నాకు తొమ్మిదేళ్లున్న ఆ వేసవిలో కారు పెట్రోలు పంపు పాడైంది. టాంకులోని పెట్రోలును ఇంజనుకు తోసేది అదే. దాని లోపలి పల్చటి పొర చిరిగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. మేష్టారు పాత సైకిలు ట్యూబు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, లోపల పెట్టి బిగించారు.

“పెట్రోలుకి నానిపోద్దేమో మేష్టారా...” అన్నాడు మస్తానయ్య.

“ఏం కాదబ్బా. మద్రాసుది వచ్చేదాకా తట్టుకుంటాది” అన్నారు మేష్టారు.

కారు కదిలింది. ముగ్గురూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

నాలుగు రోజులకు మా చెల్లెలు రమణమ్మకు కంఠసర్పి వచ్చింది... అదే, డిఫ్తీరియా. నాలుగేళ్ల పిల్ల. మెడ వాచిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో రంపం ఆడినట్టు చప్పుడు. మస్తానయ్య దాని నోరు తెరిపించి చూసి నాయన వైపు తిరిగాడు.

“అన్నా, తెల్ల పొర కమ్మేసింది. ఈడ నా చేతిలో ఏం లేదు. నెల్లూరికి ఎత్తకపోవాల... ఇప్పుడే.”

బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది. కారే దిక్కు. నాయన తోలాడు, పక్కన మేష్టారు. వెనక చెల్లెలిని ఒళ్లో పెట్టుకుని అమ్మ, మందుల సంచితో మస్తానయ్య. దాని కాళ్లు పట్టుకుని నేను... నన్ను దిగమన్నా దిగలేదు.

మనుబోలు దాటి రెండు మైళ్లు పోయామో లేదో, కారు దగ్గి, ఊగి, ఆగిపోయింది.

నాయన, మేష్టారు దూకి పంపు విప్పారు. ఆ ట్యూబు ముక్క ఉబ్బి, మెత్తబడి, నడుమ చినిగిపోయి ఉంది. మేష్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎర్రటి ఎండ. రోడ్డు మీద ఒక లారీ వచ్చింది. అమ్మ బిడ్డను ఎత్తుకుని అడ్డంగా పరుగెత్తింది... అది పక్కకు తిప్పుకుని వెళ్లిపోయింది.

చెల్లెలి పెదవులు నీలంగా మారుతున్నాయి.

“నేను చంపేశానన్నా నీ బిడ్డని...” అంటూ మేష్టారు రోడ్డు పక్కన కూలబడ్డారు. బడిలో మమ్మల్ని గడగడలాడించే మనిషి, తలమీద కొట్టుకుంటూ ఏడుస్తున్నారు.

“ఏడ్చేదానికి పొద్దులేదు. లెయ్ మేష్టారా!” నాయన అరిచాడు. “ఏం చేద్దామో చెప్పు!”

మేష్టారు ముఖం తుడుచుకున్నారు. “పంపుతో పన్లేదు... పైనుంచి ధార పడితే చాలు. ఎత్తులో ఒక డబ్బా, దానికో గొట్టం ఉంటే...”

మస్తానయ్య సంచి కిందికి దిమ్మరించాడు. ఎనిమా డబ్బా! అడుగున పొడుగాటి రబ్బరు గొట్టం, దానికో క్లిప్పు.

“ఇదీ రబ్బరే కదయ్యా...” అన్నారు మేష్టారు.

“గంటసేపు తట్టుకుంటే చాలు!” అన్నాడు మస్తానయ్య.

అమ్మ మరచెంబులోని మంచినీళ్లు నేలపాలు చేసి ఇచ్చింది. నాయన టాంకు కింది మర విప్పి చెంబులో పెట్రోలు పట్టి, ఆ డబ్బాలో పోశాడు. బానెట్ ఒక పక్క రేకు ఊడదీసి, గొట్టం ఇంజనుకు తగిలించారు. ఇక ఆ డబ్బాను దారి పొడుగునా ఎవరో ఒకరు ఎత్తిపట్టుకోవాలి. కింద మండుతున్న ఇంజను... ఒలికి అంటుకుంటే మనిషి మిగలడు.

మేష్టారు ఎవరినీ అడగలేదు. ముందు చక్రం మీది మడ్‌గార్డు ఎక్కి కూర్చున్నారు. ఒక చేత్తో కారు ముందు దీపాన్ని వాటేసుకున్నారు, రెండో చెయ్యి పైకెత్తారు.

పదిహేను మైళ్లు... డబ్బా నింపడానికి రెండుసార్లు ఆగాం. ఆగిన ప్రతిసారీ అమ్మ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. గతుకు వచ్చినప్పుడల్లా పెట్రోలు మేష్టారి చేతి మీదుగా చంకలోకి కారేది. ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. గాలికి సరిగా వినపడలేదు గానీ, “పోనీ... పోనీ...” అని అరుస్తూనే ఉన్నారు.

నెల్లూరులో డాక్టరు చెల్లెలి గొంతుకు గాటు పెట్టి గొట్టం వేశారు. సూదిమందు ఇచ్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదన్నారట. రెండు రోజులు చావుబతుకుల్లో ఉండి, మూడో రోజు కళ్లు తెరిచి అమ్మను గుర్తుపట్టింది. దక్కింది... గొంతు మాత్రం ఎప్పటికీ బొంగురుగానే ఉండిపోయింది.

మేష్టారి చేతి తోలు పొరలు పొరలుగా ఊడింది. ఆయన మా గడప తొక్కడం మానేశారు. దారిలో ఎదురైనా తల వంచుకుని వెళ్లిపోయేవారు. నెల తర్వాత నాయన చెల్లెలిని భుజాన ఎక్కించుకుని వాళ్లింటికి వెళ్లాడు. వెనకాలే నేనూ.

“మేష్టారా, మా నీళ్ల ఇంజను నిలబడిపోయుండాది. నారు ఎండతా ఉంది. వస్తావా, రావా?”

“ఇంకా నన్ను పిలస్తావా అన్నా?” అన్నారాయన.

“నిన్ను గాక ఇంకెవర్ని పిలిచేది?”

చెల్లెలు భుజం మీంచి వంగి, ఆ బొంగురు గొంతుతోనే “రా మేష్టారా” అంది. అంత పెద్దమనిషి దాన్ని ఎత్తుకుని గుమ్మంలోనే ఏడ్చేశారు... పొలానికి ఆ ఏడుపు ముఖంతోనే వచ్చారు.

ఇప్పుడు ఏది పాడైనా ఫోన్ చేస్తాం. ఎవరో వస్తారు, బాగుచేసి వెళ్లిపోతారు... పేరు కూడా అడగం. తప్పు చేసినవారినే మళ్లీ పిలుచుకునే చనువు, పిలిస్తే ఏడుస్తూనైనా వచ్చే మనుషులు... ఎక్కడో జారవిడుచుకున్నాం.

మీ ఊళ్లో అలాంటివారు ఎవరుండేవారు? ఒక్కసారి వాళ్లను ఇక్కడ తలుచుకోండి... మా చెల్లెలికీ చదివి వినిపిస్తాను.