బురుల్చా ఎజె రెండు నిమిషాలు

బురుల్చా ఎజె గురించి నెమ్మదిగా చెప్పమంటే నా వల్ల కాదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు నేల మీద నిలవవు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది కాబట్టి ఎజె, అంటే అక్కా, అని పిలుస్తాను. తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ తొమ్మిదేళ్లూ లెక్క చేయను.

ఆమెదీ నాదీ నారిన్, కొండల మధ్య ఊరు. పెళ్లయిన కొత్తలో రొట్టెల కార్ఖానాలో నాలుగేళ్లు పనిచేసింది. తర్వాత కొడుకు తిలెక్ పుట్టాడు, వాడికి నడుం కింద కదలిక లేదు. ఆమె మళ్లీ కార్ఖానా గడప తొక్కలేదు. ఇరవై రెండేళ్లుగా వాణ్ని ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం, చివరికి చదువు చెప్పడం కూడా తనే. పోయిన ఏడాది పెన్షన్ ఆఫీసుకు వెళితే అక్కడి అమ్మాయి కాగితాలు తిరగేసి, మీరు పనిచేసింది నాలుగేళ్లే, మిగతా కాలం ఇంట్లో ఖాళీగా ఉన్నారు అందట. ఎజె ఆ అమ్మాయితో పోట్లాడలేదు. తిన్నగా మా ఇంటికొచ్చింది.

"జిపార్, నువ్వు టీచరుగా చేశావుగా. కలం తీయి" అంది.

అలా మొదలైంది మా సంఘం. అలాంటి తల్లులే పంతొమ్మిది మంది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. చివరికి ఒక పిలుపు వచ్చింది. సామాజిక భద్రత మీద మాతో కలిపి చుట్టుపక్కల ఐదు దేశాల ప్రభుత్వాలు మా రాజధాని బిష్కెక్‌లో కూర్చుని ఉమ్మడి తీర్మానం రాస్తున్నాయి, సంఘాల తరఫున ఒకరు మాట్లాడవచ్చు. మాకు కావలసింది ఒకే ఒక్క వాక్యం: ఇంట్లో మనిషిని చూసుకున్న ఏళ్లు కూడా పని చేసిన ఏళ్లే. ముసాయిదాలో ఆ వాక్యం లేదు.

మాకిచ్చింది రెండు నిమిషాలు. నేను అరపేజీ రాసిచ్చి, గడియారం ముందు పెట్టుకుని పదిసార్లు చదివించాను. ఒక్క క్షణం కూడా ఎక్కువ కాలేదు.

తీరా సభ రోజు పొద్దున హాల్లో మైకు ముందు నిలబడగానే ఎజె ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కుశలాలు మొదలుపెట్టింది. కజకుల గొర్రెలు చలికాలం బాగా గట్టెక్కాయా, తాజిక్ కొండల్లో దారులు తెరుచుకున్నాయా, సభాధ్యక్షులవారి తల్లిదండ్రులు కులాసాయేనా. కుశలం అడగకుండా పనిలోకి దిగేవాణ్ని మా నారిన్‌లో మనిషి కింద జమకట్టరు. ఆమె తుర్క్‌మెన్ల గుర్రాల దగ్గరికి వచ్చేసరికి ఎర్రలైటు వెలిగింది. మైకు ఆగిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి రాగానే విరుచుకుపడ్డాను.

"గుర్రాలెందుకు ఎజె? వాటికి పెన్షన్ ఇప్పిస్తావా?"

పలకరించకుండా ఎలా అడుగుతారని ఆమె నా మీదే విసుక్కుంది. భోజనాలయ్యాక ఐదుగురు ప్రతినిధులు ఒక గదిలో తలుపులేసుకుని తుది ప్రతి రాస్తారు. మమ్మల్ని అందులోకి రానివ్వరు.

ఆ గదికి దారి ఒకటే, సన్నటి నడవా. ఎజె అటూ ఇటూ చూసింది. ప్రయాణానికని కాల్చి తెచ్చుకున్న రొట్టెలు సంచిలోంచి తీసి, కిటికీ పక్క బల్ల మీద గుడ్డ పరిచి, తుంచి పెట్టింది. ఆమె ఏం చేయబోతోందో నాకప్పుడు అర్థమైంది. పరిచిన రొట్టెను రుచి చూడకుండా దాటిపోయే మనిషి మా ఐదు దేశాల్లో లేడు, మంత్రైనా సరే.

ముందు కజక్ ప్రతినిధి వచ్చాడు, ఫోన్లో ఎవర్నో గదమాయిస్తూ. రొట్టె చూసి ఆగాడు. ఫోన్ పెట్టేసి ఓ ముక్క తీసుకున్నాడు. వెనకే ఉజ్బెక్ ఆయన, తుర్క్‌మెన్ ఆయన, తాజిక్ ప్రతినిధి ఒకావిడ, చివర్లో మా దేశం ఆయన. నోట్లో రొట్టె ఉన్నవాళ్లు మాటకు అడ్డం రాలేరు. పైగా కుశలాలన్నీ పొద్దునే అయిపోయాయి.

"నా కొడుక్కి ఇరవై రెండేళ్లు" అంది ఎజె. "నేను చూడకపోతే వాడికోసం మీరు జీతమిచ్చి ఇద్దర్ని పెట్టాలి. ఆ ఇద్దరూ చేస్తే పని. అదే నేను చేస్తే ఖాళీగా ఉన్నట్టు. ఇదేం న్యాయమో లోపలికెళ్లి మీరే రాయండి."

తాజిక్ ఆవిడ, మా అమ్మను మా అక్క పదకొండేళ్లు చూసుకుంది అంది. కజక్ ఆయన ఇంకో ముక్క తీసుకుంటూ, వాక్యం రాసి ఉందా అని అడిగాడు. ఎజె జేబులోంచి నా అరపేజీ తీసి ఇచ్చింది.

సాయంత్రం తుది ప్రతి చదివారు. పద్నాలుగో అంశం మా వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా. నేను గబుక్కున లేచి నిలబడిపోయాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఎజె ఆ కాగితం తెప్పించి నాచేత మూడుసార్లు చదివించుకుంది. ఇంకా ఐదు దేశాలూ చట్టాలు మార్చాలి, దానికి వేరే పోరాటం ఉంది. అయినా ఆ పూట ఆనందం పట్టలేక ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా కౌగిలించుకున్నాను.

ఎజె నడవాలోకొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. తిలెక్ ఎత్తాడు.

"నేను చేసింది పనేనట్రా" అంది.

వాడి మాట నాక్కూడా వినిపించింది. "పనైతే సెలవు ఉండాలి కదమ్మా. రేపు రావద్దు. అత్త ఉందిగా, నన్ను చూసుకుంటుంది. రేపు నీకు సెలవు."

ఎజె ఫోన్ పెట్టేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"జిపార్, సెలవు రోజు జనం ఏం చేస్తారే?"